మీ దయవల్ల బాగానే ఉందండీ

మర్యాద అంటే నాకిప్పుడు రోత. కోనసీమలో పుట్టినవాడు అనకూడని మాట ఇది. మేం కుక్కని అదిలించేటప్పుడు కూడా అండీ తగిలిస్తామని పై ఊళ్ళవాళ్ళు ఎగతాళి చేస్తే నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. ఆ మర్యాద పుణ్యమా అని చావు గుమ్మం దాకా వెళ్ళొచ్చాక మాత్రం ఎవరైనా తియ్యగా మాట్లాడితే అక్కణ్ణుంచి లేచిపోతున్నాను. నాలాంటి జబ్బుతో ఇంకెవరో ఒకరు ఈ పూట ఏ ఆసుపత్రి బెంచీ మీదో కూర్చుని ఉంటారు కదా, వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొంత నా కోసం కూడాను.

నాది వంట పని. అమలాపురం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ ఒడుగులకీ గృహప్రవేశాలకీ వండుతూ తల నెరిసిపోయింది. ఈ పనిలో దిగినవాడికి ఒక సంగతి తొందరగానే తెలిసొస్తుంది. భోజనం చేసినవాడి నోటిని నమ్మకూడదు. పప్పు మాడినా సాంబారు పులిసినా చేతులు కడుక్కుంటూ అందరూ అనేది ఒకటే, "అమృతమండీ, చెయ్యంటే మీదేనండీ" అని. అందుకని బంతి లేవగానే, ఆకులు ఎత్తేవాళ్ళు రాకముందే, నేను వరస వెంట ఒకసారి నడుస్తాను. ఏ విస్తట్లో ఏం మిగిలిందో, ఏది పక్కకి నెట్టారో చూసుకుంటాను. బఫేలు వచ్చాక పళ్ళేలు పడేసే తొట్టె పక్కన నిలబడి ఆ ఎంగిలంతా చూస్తున్నాను. చూడ్డానికి అసహ్యమే, కానీ నా వంట ఎలా ఉందో నాకు తెలిసేది అక్కడే. ఇంత తెలిసినవాణ్ణి నా ఒంటి విషయంలో ఏం చేశానో చెబుతాను.

మొదటి మాఘం

మాఘమాసంలో మాకు ఊపిరి సలపదు. ముహూర్తాలన్నీ వరస కట్టి ఉంటాయి. ఆ ఏడు పొయ్యి దగ్గర నిలబడ్డవాణ్ణి మాటిమాటికీ గరిటె పక్కవాడికిచ్చి కొబ్బరితోటలోకి పరిగెత్తాల్సి వచ్చింది. తీరా వెళితే చుక్కలు చుక్కలుగా తప్ప వచ్చేది కాదు. తిరిగొచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని పంచె మార్చుకునేసరికి మళ్ళీ మొదలు. వంటవాడు అన్నిసార్లు తోటలోకి తిరుగుతుంటే పెళ్ళివారి మొహాలు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి. వేడి చేసిందనుకుని కొబ్బరినీళ్ళు తాగాను. దానివల్ల పరుగులు పెరిగాయి తప్ప ఒరిగిందేమీ లేదు.

ఒక పొద్దున ఆ చుక్కలు కూడా ఆగిపోయాయి. అమలాపురంలో గొట్టం వేసి తీశారు. ఆ గొట్టం, ఆ సంచీ, నడిస్తే అది తొడకి తగిలి కదలడం, వీటి గురించి ఇంతకంటే రాయను. నా ఒంటిని చూసి నేనే మొహం తిప్పుకున్నది మొదట అప్పుడే. రక్తం చూసినవాళ్ళు కాకినాడ వెళ్ళమన్నారు. అక్కడ ముక్క తీసి పరీక్ష చేసి ప్రోస్టేటు కేన్సరని చెప్పారు.

ఆ కబురు విన్నప్పుడు గదిలో నాతోపాటు నా భార్య రత్నం, ఆవిడ తమ్ముడు సీతారామం ఉన్నారు. సీతారామం బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు, మా వీధిలోనే ఉంటాడు. డాక్టరుగారు నెమ్మదస్తుడు. ఆయన మీద నాకు ఇప్పటికీ ఏ ఫిర్యాదూ లేదు.

"పెద్దవారూ, ఇది మగ హార్మోను తిని బతికే జబ్బండి. ఎముకల్లోకి కొంచెం పాకింది కాబట్టి కోసి తీసేయలేం. ఇంజెక్షనుతోటీ ఈ మాత్రలతోటీ దాని తిండి ఆపేస్తాం" అన్నారు.

"ఎంత కాలం పనిచేస్తాయండీ?" అని సీతారామం అడిగాడు.

"చాలామందిలో చాలా కాలం పనిచేస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు జబ్బు ఆ మందుకి లొంగకుండా తయారవుతుంది. అప్పుడు వేరే దారి చూసుకుందాం. ఒంట్లో ఏ చిన్న మార్పు వచ్చినా నాకు చెప్పండి. మీరు చెయ్యాల్సిన పని అదొక్కటే."

మేం ముగ్గురం చాలా కాలం అన్న ముక్కని మాత్రం పట్టుకుని బస్సెక్కాం. ఎదుర్లంక వంతెన దాటేటప్పటికి సీతారామం నాకు ఇంకో పాతికేళ్ళు రాసిచ్చేశాడు. లొంగకుండా తయారవుతుందన్న మాట మాలో ఎవరి చెవికీ ఎక్కలేదు.

నెంబరు దిగిన ఏడాది

మాత్రలు పనిచేశాయి. పీఎస్‌ఏ అని రక్తంలో చూసే ఒక నెంబరు ఉంటుంది, జబ్బు ఎంత ఉందో దాన్నిబట్టి చూస్తారు. అది కొండ మీంచి రాయి దొర్లినట్టు దిగింది. ఎముకల నొప్పి పోయింది, గొట్టం పోయింది. బదులుగా మరికొన్ని వచ్చాయి. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి పట్టినట్టు చెమట. రోజంతా పొయ్యి ముందు నిలబడ్డ రోజుల్లో కూడా అంత చెమట ఎరగను. రొమ్ములు ఉబ్బాయి, చొక్కా రాసుకుంటే సలుపు. కండలు కరిగిపోయి, ఒంటి చేత్తో దింపే గుండిగని ఇద్దరు సాయం పడితే తప్ప కదపలేకపోయాను. స్నానం చేస్తూ కిందికి చూసుకోవడం మానేశాను. ఇది నా ఒళ్ళు కాదు, ఎవరిదో తెచ్చి నాకు తగిలించారు అనిపించేది.

పరామర్శలు వేరే. గుమ్మంలోకి రాగానే అందరిదీ ఒకటే ప్రశ్న, "నెంబరెంతండీ?" అని. సీతారామం ఆ నెంబరుని పరీక్షలో మార్కుల్లా వీధంతా చాటేవాడు. ఎంత తగ్గితే అంత గొప్ప. ఒకాయన సీసాడు గోమూత్రం తెచ్చారు. ఇంకొకాయన లక్ష్మణఫలం ఆకుల కషాయం తెచ్చి నేను తాగేదాకా కదలనని కూర్చున్నారు. తాగాను, వద్దనడం మర్యాద కాదు కదా. ఆయన వీధి మలుపు తిరగగానే పెరట్లోకి వెళ్ళి కక్కాను.

అంతకంటే రోత పుట్టించింది ఇంకొకటి ఉంది. నెంబరు బాగుంది, మనిషి తిరుగుతున్నాడు, అయినా పెళ్ళిళ్ళ కబుర్లు రావడం ఆగిపోయింది. కూతురి పెళ్ళికీ కొడుకు పెళ్ళికీ నా చేతే వండించుకున్న ఒక ఇంటాయన మనవరాలి పెళ్ళికి బయానా ఇచ్చి కూడా వెనక్కి వచ్చారు.

"మీరు రెస్టు తీసుకోవాలండీ. మిమ్మల్ని పొయ్యి దగ్గర నిలబెట్టి మేం పాపం మూటకట్టుకోలేమండీ. మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం."

ఎంత చక్కటి మాటలో చూడండి. ఆ పెళ్ళికి మండపేట నుంచి వేరే వంటవాళ్ళు వచ్చారు. ఆ చోట జబ్బున్నవాడి చేతి వంట ఎలా తింటామని ఆ ఇంటి ఆడవాళ్ళు అన్నారట. ఆ మాట నా మొహం మీద అన్నా నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు. కేన్సరు అంటుకోదని చెప్పుకునే వీలైనా ఉండేది. నా రెస్టు గురించి అంత ప్రేమగా మాట్లాడేవాళ్ళకి ఏం చెప్పను?

ఆ ఏడాదే కాకినాడ ఆసుపత్రి హాలులో పోలమ్మ పరిచయమైంది. అల్లవరం అవతల, సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది. ఆవిడ భర్త ఏడుకొండలుది చేపలవేట. ఆయనదీ నా జబ్బే, ఆయనకీ నా మాత్రలే. మొదటిరోజు ఆవిడ నా పక్కన కూర్చుని కేరేజీ విప్పింది. ఎండుచేప వాసన గుప్పుమంది. నేను పైపంచె ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండు బెంచీలు అవతలికి జరిగాను. ఆవిడ చూసింది, కోప్పడలేదు.

"అయ్యగారికి కడుపులో తిప్పినట్టుంది" అని నవ్వి, కేరేజీ తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. తినడం అయ్యాక తిరిగొచ్చి, "మీ నెంబరెంతండీ?" అని అడిగింది.

ఒకటి కన్నా బాగా తక్కువేనని చెప్పాను, కొంచెం గర్వంగానే.

"అదృష్టవంతులండీ బాబూ. మా ఆయనది తాడిచెట్టెక్కినట్టు ఎక్కిపోతంది."

ఏడుకొండలు ఆవిడ పక్కనే ఉన్నాడు. పెద్ద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని గోడ కేసి చూస్తున్నాడు. ఆయన్ని చూసి జాలిపడ్డాను. ఆ హాలులో నేనొక జమీందారుని, నా నెంబరు అంత తక్కువ.

మరుసటి ఏడు

తరువాతి ఏడు ఎండలు ముదిరేసరికి నడుం పట్టింది. ముందు అది నొప్పని కూడా అనుకోలేదు. గుండిగలు ఎత్తీ దించీ బతికినవాడికి నడుం పట్టకపోతే ఆశ్చర్యం. రత్నం నువ్వులనూనె కాచి రాసేది. "వంటవాళ్ళ నడుం బావగారూ, నెంబరు బంగారంలా ఉండగా మీకేం భయం" అనేవాడు సీతారామం. శ్రావణం వచ్చేసరికి కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. అన్నం చూస్తే వికారం. పోపు వాసనని పట్టి పప్పు చెడిందో లేదో చెప్పగలిగినవాణ్ణి, ఇప్పుడు ఆ పోపు వాసనకే వీధిలోకి పారిపోతున్నాను. పంచె జారిపోతోంది, మొలతాడు వదులైంది.

అయినా నెంబరు తక్కువే. పరీక్ష చేయించిన ప్రతిసారీ తక్కువే. ఆ కాగితం దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకునేవాళ్ళం.

కార్తీకంలో చూపించుకోవడానికి వెళ్ళాం. నేను కలలో కూడా అసహ్యించుకునే అయిదు నిమిషాలు అవే, అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"ఎలా ఉన్నారండీ?" అన్నారు డాక్టరుగారు.

"మీ దయవల్ల బాగానే ఉందండీ" అంది రత్నం.

"ఆయ్, బాగుందండి" అన్నాను నేను.

"బరువు బాగా తగ్గారే?"

"కార్తీకమాసం కదండీ, ఉపవాసాలు చేస్తున్నారు" అంది రత్నం. ఉపవాసం అబద్ధం కాదు. తినలేక మానేసినదానికి పుణ్యం పేరు పెట్టుకున్నాం అంతే.

"నొప్పులేమైనా ఉన్నాయా?"

"వయసు కదండీ, ఏవో చిన్న చిన్నవి. తమరున్నారు, మాకేం భయమండీ" అన్నాను.

బయట ఎంతమంది ఉన్నారో ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. అంత పెద్ద మనిషిని మన ఏడుపులతో విసిగించకూడదని నేను. మంచి మందు ఇచ్చినాయన మొహం మీద బాగాలేదని చెబితే చిన్నబుచ్చినట్టవుతుందని రత్నం. ఆయన నెంబరు చూశారు, మా మాట విన్నారు, అవే మాత్రలు రాశారు. నా వంట తిన్నవాళ్ళు చేతులు కడుక్కుంటూ చెప్పే మాటనే నేను ఆయనకి చెప్పి బయటికొచ్చాను.

హాలులో పోలమ్మ ఉంది. నేను బెంచీ చివర ఒక చెయ్యి ఆనించి, సగం కూర్చుని సగం నిలబడి ఉండటం చూసింది.

"ఏటన్నారండీ డాక్టరుగారు?"

"బాగుందన్నారమ్మా."

"ఆయనన్నారా, మీరన్నారా?"

ఉపవాసాలు కదా, అందుకే ఈ నీరసమని రత్నం సర్దబోయింది. ఆవిడ రత్నం చెయ్యి పట్టుకుని లేపి, నా రెక్క పట్టుకుని, వరసలో ఉన్నవాళ్ళు అరుస్తున్నా వినకుండా తలుపు తోసుకుని లోపలికి లాక్కెళ్ళింది.

"డాక్టరుగారండీ, ఈ అయ్యగారు మీకు అబద్ధం చెప్పేరండి. పొద్దున్నుంచి చూత్తన్నాను, నడుం ఆన్చి కూకోలేపోతన్నారు. ఇడ్లీ ముక్క నోట్లో ఎట్టుకుని గుడ్డలో ఊసేసేరు. ఇది ఉపాసం కాదండి."

నాకు తలకొట్టేసినట్టయింది. అంతమంది ముందు నన్ను గుడ్డలో ఉమ్మినవాణ్ణి చేసిందని ఒళ్ళు మండింది. డాక్టరుగారు కలం పక్కన పెట్టి నన్ను బల్ల మీద పడుకోమన్నారు. కుడివైపు డొక్క కింద వేళ్ళతో నొక్కారు. నొక్కుతూ ఆయన మొహం మారడం చూశాను.

రెండో బంతి

స్కానులో నడుం ఎముకల్లోనూ కాలేయంలోనూ మచ్చలు కనబడ్డాయి. నెంబరు మాత్రం అలాగే, బంగారంలా ఉంది. కాలేయంలోంచి సూదితో ముక్క తీశారు. ఆ ఫలితం వచ్చేదాకా సీతారామం ల్యాబువాళ్ళే పొరపాటు చేసి ఉంటారని వాదిస్తూనే ఉన్నాడు.

ఫలితం వచ్చాక డాక్టరుగారు తలుపు వేయించి మాకు విడమరిచి చెప్పారు.

"మొదట్లో మీ జబ్బు హార్మోను తిని బతికేదని చెప్పాను కదా. మందు ఆ తిండి ఆపేసింది, చాలావరకు చచ్చింది. చావకుండా మిగిలినవి ఊరుకోవండి. ఏడుకొండలుగారి జబ్బు అదే తిండి పిసరంత దొరికినా చాలన్నట్టు తయారైంది. అందుకే ఆయన నెంబరు పెరుగుతోంది. మీ జబ్బు ఇంకో దారి పట్టింది. ఆ తిండే అక్కర్లేదని మానేసి, కణం రూపమే మార్చేసుకుంది. పీఎస్‌ఏ అనేది ప్రోస్టేటు కణం తయారుచేసే సరుకు. ఇప్పుడున్నవి ఆ కణంలా ఉండటమే మానేశాయి, ఇంక ఆ సరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"అంటే నెంబరు అబద్ధమాండీ?" అంది రత్నం.

"అబద్ధం కాదమ్మా. అది పాత జబ్బు సంగతి చెబుతోంది. కొత్తదాని సంగతి దానికి తెలీదు. ఇలా అరుదుగానే జరుగుతుంది. అలాంటప్పుడు మనకి తెలిసేది మనిషి చెప్పే మాటవల్లా స్కానువల్లానే."

మా పెళ్ళిళ్ళలో పిలవని భోక్తలు కొందరుంటారు. మొదటి బంతిలో గుర్తుపట్టి లేపేస్తే వెళ్ళిపోతారు. కాస్సేపటికి చొక్కా మార్చి, బొట్టు పెట్టుకుని, ఆడపెళ్ళివారి చుట్టంలాగా రెండో బంతిలో దర్జాగా కూర్చుంటారు. వడ్డించేవాళ్ళు ఇంకో రెండు గారెలు వేసుకోండని బతిమాలతారు కూడా. నా ఒంట్లో కూర్చున్నది అదే బాపతు. నెలల తరబడి దానికి నేనూ నా పెళ్ళాం దగ్గరుండి మర్యాదలు చేశాం. ఆ ఆలోచన వచ్చేసరికి నాకు భయం కంటే ముందు అసహ్యం వేసింది. జబ్బు మీద, నెంబరు మీద, అన్నిటికంటే ఎక్కువగా నా నోటి మీద.

సెలైన్ల రోజులు

పాత మాత్రలు ఆపేసి కీమో మొదలుపెట్టారు. ఆ వార్డు వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. స్పిరిటూ ఫినాయిలూ, పక్కమంచం వాళ్ళ బత్తాయి తొక్కలూ, అందరి వాంతులూ కలిసిన వాసన. నోట్లో రాగి చెంబు నాకుతున్నట్టు ఉండేది. కొన్నాళ్ళకి వాసనలే తెలియడం మానేశాయి. మొదట హాయిగా అనిపించింది. తరువాత రత్నం కరివేపాకు నలిపి నా ముక్కు దగ్గర పెడితే గడ్డి పెట్టినట్టుంది. వంటవాడికి అంతకంటే ఏం పోవాలి? ఆవేళ ఏడ్చాను.

ఏడుకొండలుకి కూడా అక్కడే సెలైను ఎక్కించేవారు, ఆయన మందు వేరు. ఒకసారి నాకు వాంతి ఆగకపోతే, పిలిచినా ఎవరూ అందుబాటులో లేకపోతే, ఆయన తన సెలైను స్టాండు ఈడ్చుకుంటూ వచ్చి నా ముందు తొట్టె పట్టుకుని నిలబడ్డాడు. నేను వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాను.

"కొత్తగా పడవెక్కినోళ్ళు ఇలాగే కక్కుతారండి అయ్యగారూ. నాలుగు వేటలకి అలవాటైపోద్ది" అన్నాడు. అన్ని నెలల్లో ఆయన నాతో మాట్లాడిన పొడుగాటి మాట అదే. నేను ముక్కు మూసుకుని దూరం జరిగింది వాళ్ళ కేరేజీ నుంచే.

ఇంట్లో మాత్రం నేను మంచివాణ్ణి కాను. వాసనలు ఇంకా తెలిసే మొదటి రోజుల్లో పోపు నాకు పడదని రత్నం పెరటి చివర కిరసనాయిలు స్టవ్ మీద వండుకునేది, చాలా రోజులు వండుకోకుండా మజ్జిగన్నంతో సరిపెట్టేది. ఫోను మోగితే మాత్రం అదే పాట, "మీ అందరి దయవల్ల బాగానే ఉన్నారండీ." ఒకరోజు ఆ మాట వినగానే నాకు పిచ్చెక్కింది. చేతిలో గ్లాసు గోడకి కొట్టాను.

"బాగున్నానా? నన్ను చూసి చెప్పు. ఇంకోసారి బాగుందన్నావంటే ఆసుపత్రికి నాతో రావద్దు."

ఆవిడ గాజుముక్కలు ఏరుతూ కూర్చుంది. తలెత్తకుండానే అంది.

"బాగాలేదని పైకంటే నిజమైపోతుందేమోనని భయమండీ. అంతేగానీ ఎవరి మర్యాదో నాకెందుకండీ?"

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని నేనూ ముక్కలు ఏరాను.

ఈ ఏడు

మాఘం వెళ్ళేసరికి సెలైన్లు అయిపోయాయి. కాలేయంలో మచ్చలు బాగా కుంచించుకుపోయాయి, నడుం నొప్పి తగ్గింది. డాక్టరుగారు ఇప్పటికి తగ్గింది అన్నారు. ఈసారి ఇప్పటికి అన్న ముక్క కూడా విన్నాం. ఇది మళ్ళీ చొక్కా మార్చుకుని రావచ్చు. అందుకే స్కాను, అందుకే నోరు విప్పి చెప్పడం.

ఏడుకొండలుకి మందులేవీ పనిచేయలేదు. ఫాల్గుణంలో పోయాడు. పోలమ్మ ఫోను చేసింది.

"అయ్యగారూ, మా ఆయన పెద్దకార్యం. మీ వంట గురించి ఆసుపత్రిలో ఇన్నాం గానీ తిన్లేదు. వచ్చి వండుతారా? నోరు తెరిచి అడిగేత్తన్నాను. వల్లకాదంటే వల్లకాదనండి, నేనేం అనుకోను."

వస్తానన్నాను. సీతారామం గుండె పట్టుకున్నాడు.

"బావగారూ, శుభకార్యాల చెయ్యండీ మీది. చావుభోజనాలకి వండేరని తెలిస్తే రేపు పెళ్ళిళ్ళకి ఎవరైనా పిలుస్తారాండీ?"

"ఇవాళ పిలుస్తున్నారా?" అన్నాను.

నా పాత మనుషుల్ని ఇద్దర్ని తీసుకుని, రత్నంతో కలిసి వెళ్ళాను. వాళ్ళింటి పక్క ఖాళీ స్థలంలో టెంటు వేసి పొయ్యిలు తవ్వారు. సముద్రం గాలికి మంట ఒక పక్కకి వాలిపోతోంది. నేను బల్ల మీద కూర్చుని చెబుతుంటే వాళ్ళు దించారు, ఎత్తారు. ఉప్పు మాత్రం నా చేత్తోనే వేశాను. ముక్కు పనిచేయదు, నోరు సగమే పనిచేస్తుంది, అయినా చేతికి కొలత తెలుసునని నా ధీమా.

నా భయం వేరే. నా వంట ముందు వీళ్ళయినా కూర్చుంటారా అని. మొదటి బంతి నిండా జనం కూర్చున్నారు. ఎవరూ మొహం పక్కకి తిప్పలేదు. మంట సరిచేస్తున్నట్టు అటు తిరిగాను. బంతి లేచింది. చేతులు కడుక్కుంటూ ఒక్కొక్కరూ నా దగ్గరకొచ్చి, "బాగుందండీ, చాలా బాగుందండీ" అన్నారు.

ఆకులు ఎత్తకుండా ఆగమని వరస వెంట నడిచాను. పప్పు మిగల్లేదు, కూర మిగల్లేదు, గారెలు మిగల్లేదు. దప్పళం కలుపుకున్న అన్నం మాత్రం ప్రతి విస్తట్లోనూ ఒక మూలకి నెట్టేసి ఉంది. చివరి ఆకు దాకా అంతే. ఆ బంతిలోనే తిని లేచిన రత్నం చెయ్యి తుడుచుకుంటూ అక్కడే నిలబడి ఉంది.

"రత్నం, దప్పళం ఎలా ఉంది?"

"బాగా..." అని ఆగింది. ఆకుల కేసి చూసింది. చుట్టూ ఉన్న జనం కేసి చూసింది. చివరికి నా కేసి చూసింది.

"బాగాలేదండీ. ఉప్పు కషాయం. నోట్లో పెట్టుకోలేకపోయాను."

నలుగురూ తిరిగి చూశారు. మా కాపురంలో ఆవిడ నా వంటని బాగాలేదనడం అదే మొదలు. అవతల మూల ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చున్న పోలమ్మ తల ఎత్తింది. "ఇప్పటికి చెప్పేరు అమ్మగారు" అంది. పొద్దున్నుంచి ఏడ్చి ఉబ్బిన ఆ మొహంలో ఇంత నవ్వు కనబడింది.

గుమ్మడికాయ ముక్కలు ఇంకో గిన్నెడు ఉడికించి కలిపాం. చింతపండు పులుసు పోసి బెల్లం వేశాం. గరిటెతో కొంచెం తీసి రత్నం అరచేతిలో పోశాను. ఆవిడ నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, తీరిగ్గా చూసి చెప్పింది.

"పులుపు ఇంకొంచెం పట్టాలండీ."

పట్టించాం. రెండో బంతి లేచాక మళ్ళీ నడిచాను. ఆకులు తుడిచినట్టున్నాయి.

వచ్చే నెల మళ్ళీ స్కాను ఉంది. రెండు రోజులుగా ఎడమ భుజంలో ఏదో సలుపుతోంది. గరిటె తిప్పిన నొప్పే కావచ్చు, కాకపోనూవచ్చు. రత్నానికి చెప్పాను. డాక్టరుగారు ఎలా ఉన్నారండీ అని అడిగినప్పుడు ఈసారి నేను నోరు మూసుకుని కూర్చుంటాను. ఆవిడ చెబుతుంది.